అవ్వ తప్పిన నాలుగో దెబ్బ

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లు నిండిన ఏడాది, మా అమ్మ రెండు నెలల పాటు గోడవైపు తిరిగి పడుకుంది. జబ్బేమీ కాదు. జ్వరం లేదు, దగ్గు లేదు. నా తర్వాత ఎనిమిదేళ్లకు పుట్టిన తమ్ముడు, బోర్లా పడడం వచ్చి ఇంకా పాకడం రాని పసివాడు, చలికాలం చివర్లో నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. వాణ్ని తీసుకెళ్లిన రోజు ఇంటికి వచ్చినవాళ్లందరూ ఏడ్చారు. మా నాయిన పెరట్లోకి వెళ్లి, తలమీద తువ్వాలు కప్పుకుని ఏడ్చాడు. అమ్మ మాత్రం ఏడవలేదు. ఇల్లు ఊడ్చింది, గిన్నెలు తోమింది, పొద్దు వాలేసరికి మంచంలో పడుకుంది. ఆ పడుకోవడం పడుకోవడమే.

బొత్తిగా లేవలేదని కాదు. స్నానానికి లేచేది. నాయిన ముద్ద కలిపి పెడితే రెండు ముద్దలు తినేది. కానీ మాట లేదు. ఏమడిగినా మన వెనకాల ఎవరో నిలబడి ఉన్నట్టు మనల్ని దాటి చూసేది. నేను బడి నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంటే నా తలమీద చెయ్యి వేసేది. ఆ చేతిలో బరువు ఉండేది కాదు.

మాది శామీర్‌పేట చెరువు దగ్గర చిన్న ఊరు. నాయిన చెరువులో చేపలు పట్టేవాడు. అమ్మ మేడ్చల్ వైపు ద్రాక్షతోటల్లో కూలికి వెళ్లేది. ఆ తోటలున్న చోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు, ఫంక్షన్ హాళ్లు కనిపిస్తాయి గానీ, అప్పట్లో మా ఊరి ఆడవాళ్లలో సగం మందికి ఆ పందిళ్ల కిందే బతుకు. గుత్తుల్లో పెరగని కాయల్ని కత్తెరతో తీసేయడం, పండినవి కోసి బుట్టల్లో పేర్చడం వాళ్ల పని. రోజంతా చేతులు పైకెత్తి చేసే పని కాబట్టి సాయంత్రానికి భుజాలు పడిపోయేవి. అయినా ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, పొద్దు గూకేలోపు కాసేపు కోలాటం ఆడేవాళ్లు. తోటలో నొచ్చిన భుజాలకు అదే మందు అనేది అమ్మ. శ్రీరామనవమికి దేవరయాంజాల్ సీతారాముల గుడి దగ్గర ఆడడానికి ఊరూరి నుంచి జట్లు వచ్చేవి. మా ఊరి జట్టు వస్తే జనం చోటిచ్చి నిలబడేవారు.

ఆ జట్టుకు పెద్ద, మా పక్కింటి అవ్వ. ఆమె మాకు చుట్టం కాదు, అమ్మ మాత్రం అత్తా అని పిలిచేది. రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే, వాకిలి ఒకటే. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఒక గది, రెండు మేకలు, ఊళ్లో ఒక పేరు, ఇవీ ఆమెకున్నవి. ఆ పేరు కోలాటంతో వచ్చింది. అవ్వ కోల దెబ్బ తప్పగా చూసినవాళ్లు లేరు. వేరేవాళ్లు తప్పితే ఊరుకునేది కాదు. పిల్లల తల్లులను కూడా చెయ్యి పట్టి వరసలోంచి బయట నిలబెట్టేది. అమ్మ ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమెకు కోలలు పట్టడం నేర్పింది అవ్వే. తన తర్వాత వరస ముందు నడవాల్సింది మా అమ్మేనని నలుగురిలో చెప్పేది కూడా.

అమ్మను చూడడానికి వచ్చిన ఆడవాళ్లు తోచిన మాట చెప్పి వెళ్లేవారు. ఇంకొకడు పుడతాడు అన్నవాళ్లున్నారు. ఏడిస్తే పోయినవాడికి శాంతి ఉండదు అన్నవాళ్లూ ఉన్నారు. నాయిన ఒకసారి మేడ్చల్ తీసుకెళ్లి డాక్టరుకు చూపించాడు, ఇంకోసారి తాయెత్తు కట్టించాడు. మందు సీసా గూట్లో నిండుగానే ఉండిపోయింది. నవమి ఇంకా ఇరవై రోజులుందనగా అవ్వ వచ్చి అమ్మ చేతిలో కోలలు పెట్టింది. అమ్మ వాటిని పట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు. అవి జారి కిందపడ్డాయి. మర్నాడు సాయంత్రం అవ్వ జట్టు మొత్తాన్ని మా వాకిట్లోకే పిలిచి ఆడించింది. ఆ రోజు ఎంత బాగా ఆడారో నాకిప్పటికీ గుర్తుంది. ఇరవై మంది కోలలు ఒకే కోలలా మోగాయి. నేను లోపలికి పరిగెత్తి చూస్తే అమ్మ కళ్లు మూసుకుని, గోడవైపే తిరిగి, కదలకుండా వింటోంది.

దాని మర్నాడు నేను బడి నుంచి రాగానే అవ్వ పిలిచింది. "కోలలు పట్టుకోని రా పిల్లా, నేర్పిస్త" అంది. పన్నెండేళ్లు నిండని పిల్లల్ని ఆమె వరసలోకి రానిచ్చేది కాదు. నా ఆనందం చెప్పలేను. అమ్మ కోలలే తీసుకుని వాకిట్లోకి వెళ్లాను. మా అమ్మ పడుకున్న గది దర్వాజకు నాలుగడుగుల దూరంలో నిలబడి అవ్వ ఒక కోపు మొదలుపెట్టింది. కోలాటంలో ఒక్కో ఆటతీరును కోపు అంటారు. ఇది మా ఊరి ఆడవాళ్లకు ప్రాణమైన కోపు. రెండు దెబ్బలు ఎదుటివాళ్ల కోలలకు, మూడోది తన కోలలు తనకే, నాలుగోది మోకాళ్ల దాకా వంగి మళ్లీ ఎదుటివాళ్లకు. ఆ తర్వాత గిర్రున తిరగాలి. చూసి చూసి నాకు అది కంఠతా వచ్చు.

అవ్వ మూడు దెబ్బలు సరిగ్గా కొట్టింది. నాలుగోదానికి నేను వంగాను, నా కోలలు గాల్లో ఆగిపోయాయి. ఆమె వంగలేదు. నా దెబ్బకు జవాబు రాలేదు. అడుగు తప్పిందేమో అనుకుని మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ అంతే. టక్, టక్, టక్, ఆ తర్వాత ఏమీ లేదు. పదిసార్లు ఆడితే పదిసార్లూ అక్కడే ఖాళీ.

"అవ్వా, నాలుగోది కింద గదా" అన్నాను భయపడుతూ.

"నాకు జెప్తున్నవా? నేను పెట్టిన కోపు నాకెర్క లేదా?" అని కసిరింది.

మూడు రోజులు అలాగే సాగింది. నాకు మొదట అయోమయం, తర్వాత కోపం, ఆ తర్వాత సిగ్గు వేసింది. వచ్చిన కోపు కూడా ఆమెతో ఆడితే చెడిపోతోందనిపించింది. నాలుగో రోజు బోరింగ్ దగ్గర బిందె నింపుకుంటూ, అక్కడున్న ఆడవాళ్లతో, అవ్వకు కోపులు గుర్తులేవని చెప్పేశాను. ఎవరూ నన్ను అడగలేదు. పెద్దవాళ్లు నా మాట వినడం నాకు నచ్చింది, అందుకని ఉన్నదానికి కాస్త కలిపి కూడా చెప్పాను.

ఆ సాయంత్రమే నలుగురైదుగురు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. అవ్వ వాళ్లను చూసింది. చూసి కూడా కోలలెత్తింది. మూడు దెబ్బలు కొట్టింది, నాలుగోది వదిలేసింది. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె పెట్టుకోలేదు. "ముసల్దానికి మతి పోయింది, ఇగ ఈయేడు ముందల ఎవలు నడవాలె?" అంది, అవ్వకు వినిపించేటట్టే. రెండు రోజుల్లో జట్టు కూర్చుని, ఈసారి నవమికి వరస ముందు వేరే ఆమె నడవాలని తేల్చుకున్నారు. ఆ సంగతి వచ్చి చెప్పినప్పుడు అవ్వ మేకలకు ఆకు వేస్తోంది. "మంచిది, గట్లనే కానియ్యిండ్రి" అంది.

మరుసటి రోజు ఆమె మళ్లీ కోలలతో వచ్చింది. నేను రానన్నాను.

"అందరు నవ్వుతున్నరు అవ్వా."

"నవ్వితే నవ్వనియ్యి. ఇయ్యాల ఒక్కదినం ఆడు బిడ్డా" అంది.

ఆమె ఎవరినీ బతిమాలగా నేను చూడలేదు. ఆ గొంతు విని కాదనలేకపోయాను. మళ్లీ అదే కోపు, అదే ఖాళీ. నేను విసుగ్గా, నేలచూపులు చూస్తూ కొడుతున్నాను. మూడు దెబ్బలయ్యాయి. నాలుగో దెబ్బ లోపలి నుంచి వినిపించింది. అమ్మ మంచం పట్టె మీద వేలితో కొట్టింది. నేను ఆగిపోబోయాను. అవ్వ కళ్లతోనే ఆగవద్దంది. మళ్లీ మూడు దెబ్బలు, మళ్లీ లోపలి నుంచి ఒకటి, ఈసారి కొంచెం గట్టిగా. అలా ఎన్నిసార్లయ్యిందో, ఇక అక్కడ ఓపిక పట్టలేనట్టు మంచం కిర్రుమంది. అమ్మ దర్వాజ పట్టుకుని నిలబడింది. జుట్టు విడిపోయి ఉంది. సాయంత్రపు ఎండ తగిలి కళ్లు చిట్లించుకుంది.

"గట్ల గాదత్తా" అంది. వాడక వాడక గొంతు బొంగురుపోయింది. "నాలుగోది కిందికి గొట్టాలె."

అవ్వ ముఖంలో ఏమీ కదల్లేదు. "ఏమో పిల్లా, నాకు వస్తలేదు. నువ్వే ఓపాలి సూపియ్యి" అని తన కోలలు అమ్మ చేతిలో పెట్టి పక్కకు జరిగింది.

అమ్మ నా ఎదుట నిలబడింది. మొదటి దెబ్బ మెల్లగా వేసింది. రెండోది, మూడోది వేశాక మోకాళ్ల దాకా వంగింది. నా కోలలకు ఆమె కోలలు తగిలాయి. ఆరు రోజులుగా గాల్లో ఆగిపోతున్న నా చేతులకు ఆ దెబ్బ ఎంత హాయిగా ఉందంటే, నేను గట్టిగా నవ్వేశాను. రెండోసారి ఆడాం. మూడోసారి వంగిన అమ్మ పైకి లేవలేదు. అక్కడే కూలబడి, కోలలు రెండూ పొట్టకు హత్తుకుని ఏడ్చింది. అలాంటి ఏడుపు నేను అంతకు ముందు వినలేదు. కడుపులోంచి దారి తవ్వుకుంటూ వచ్చినట్టుంది. నేను హడలిపోయి దగ్గరికి పోబోతే అవ్వ నా చెయ్యి పట్టి ఆపింది. ఊరుకోమని అమ్మకు చెప్పలేదు. వీపు నిమరలేదు. కాసేపయ్యాక తనే వచ్చి అమ్మ ఎదుట నిలబడి, రెండు చేతులూ చాచింది. అమ్మ లేచింది. అవ్వ నా కోలలు తీసుకుంది. ఇద్దరూ ఆడడం మొదలుపెట్టారు.

అమ్మ ఏడుస్తూనే ఆడింది. కన్నీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, అవి కారుతూనే ఉన్నాయి. మధ్యలో తమ్ముడి పేరు ఒకటి రెండుసార్లు పిలిచింది. ఆ పేరు మా ఇంట్లో మళ్లీ వినిపించడం అదే మొదలు. చెరువు నుంచి చేపల బుట్టతో వచ్చిన నాయిన వాకిలి బయటే నిలబడిపోయాడు. లోపలికి అడుగు పెడితే ఆ ఆట ఎక్కడ ఆగిపోతుందోనని కాబోలు, బుట్ట తలమీద నుంచి దించకుండా అలాగే ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున అమ్మ మళ్లీ మంచంలోనే ఉంది. అంతా అయిపోయిందనుకుని నేను బడికి ఏడుస్తూ వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అవ్వ వాకిట్లో ఒక్కతే కూర్చుని, ఖాళీగా కోలలు కొట్టుకుంటోంది. కాసేపటికి అమ్మ తల దువ్వుకుని బయటికి వచ్చింది. ఆ తర్వాత కూడా కొన్ని రోజులు వచ్చేది, కొన్ని రోజులు వచ్చేది కాదు. కానీ గోడవైపు తిరగడం మానేసింది. ఒకరోజు నాకు జడ వేస్తూ, తమ్ముడి చెవులు అచ్చం నా చెవుల్లాగే ఉండేవని చెప్పింది. చెప్పి ఏడ్చింది, ఏడ్చి జడ పూర్తి చేసింది.

నవమి నాడు ఎడ్లబండ్ల మీద దేవరయాంజాల్ వెళ్లాం. వరస ముందు జట్టు తేల్చిన ఆమే నడిచింది. అవ్వ చిట్టచివర నిలబడింది. మొదటి రెండు కోపులకు అమ్మ పక్కనే నిలబడి చూసింది. మూడోదానికి కొంగు నడుముకు దోపుకుని అవ్వ పక్కకు వెళ్లింది. నన్ను కూడా మధ్యలోకి లాక్కున్నారు. మా కోపు వచ్చింది. నాలుగో దెబ్బకు అవ్వ నాకంటే ముందే వంగింది. ఆ వయసులో అంత కిందికి వంగి, అంత తేలిగ్గా లేచి గిర్రున తిరిగింది. ఆ పూట ఎన్ని కోపులు ఆడారో, ఒక్కదాంట్లో కూడా ఆమె చెయ్యి తప్పలేదు. ముందు నడుస్తున్నామె రెండుసార్లు తడబడితే, చివర నుంచి అవ్వ కోల చప్పుడే వరసను మళ్లీ సర్దింది. అది ఎవరు గమనించారో లేదో నాకు తెలియదు. నేను గమనించాను.

అందరూ బెల్లం పానకం తాగుతున్నప్పుడు అవ్వ పక్కన చేరి, ఇప్పుడెలా గుర్తొచ్చిందని అడిగాను. ఆమె గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంది.

"మంచిగ ఆడితే మీ అమ్మ ఇనుకుంట పండుకుంటుండె. సూడలేదా ఆ దినం? తప్పు వోతేనే ఆమెకు పాణం ఆగదు. నేను నేర్పిన పిల్లనే గదా, నాకెర్క" అంది.

బోరింగ్ దగ్గర నేను చేసిన పని గుర్తొచ్చి పానకం గ్లాసు పక్కన పెట్టేశాను. దాచుకోలేక చెప్పేశాను, ఆడవాళ్లతో చెప్పింది నేనేనని, ఉన్నదానికి కలిపి చెప్పానని, నా వల్లే ఆమె చోటు పోయిందని. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నువ్వు జెప్పినవని నాకు గా దినమే ఎర్క. నువ్వు నమ్మకపోతే మీ అమ్మ నమ్ముతదా? ముందల నడుస్తే ఏంది, ఎనక నడుస్తే ఏంది. కాళ్లు గవే గదా" అంది.

తేలిగ్గానే అంది గానీ, బండి ఎక్కేటప్పుడు జనం ముందున్నామెను చూపించి మెచ్చుకుంటుంటే అవ్వ అటు వైపు చూడలేదు. ఆమెకు బాధ లేదని నేను ఇప్పటికీ నమ్మను. మరుసటి ఏడు జట్టు వాళ్లే వచ్చి ముందు నడవమని అడిగారు. ఆమె మా అమ్మను చూపించింది. అవ్వ మరి ఐదారేళ్లు బతికింది. ఆ వాకిట్లో జరిగిందాని గురించి ఆమె గానీ, అమ్మ గానీ మాట్లాడుకోగా నేను వినలేదు. అమ్మకు ఆ ఉపాయం తెలుసా అని పెద్దయ్యాక ఒకసారి అడిగాను. "మొదటి దినమే ఎర్క. ఆ చెయ్యి తప్పుతదా?" అంది. ఎరిగి కూడా ఆరు రోజులు లేవలేకపోయానని, అన్ని రోజులూ అవ్వ వస్తుందా రాదా అని ఎదురుచూశానని చెప్పింది.

ఇప్పుడు నేను మచ్చ బొల్లారంలో ఉంటున్నాను. నా వయసు అప్పటి అవ్వ వయసు దాటింది. చావు జరిగిన ఇంటికి వెళ్తే ఏడవవద్దని ఎవరికీ చెప్పను. నోటితో ఏడవలేనివాళ్లు చేతులతో ఏడుస్తారు, కాళ్లతో ఏడుస్తారు, దానికి కాస్త జాగా, పక్కన ఒక మనిషి ఉంటే చాలునని నా కళ్లతో చూశాను. కోలాటం భక్తి అంటారు, సంబరం అంటారు. రెండూ నిజమే. మా ఇంట్లో మాత్రం అది పోయిన బిడ్డ పేరు తిరిగి పలకడానికి దొరికిన నోరు.

ఇంకొకటి కూడా అక్కడి నుంచే తెచ్చుకున్నాను. దూలపల్లిలో మందుల పెట్టెలు కట్టే చిన్న కంపెనీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. ఒకసారి కొత్తగా చేరిన పిల్ల ఒక వరస పెట్టెలు తప్పు కట్టి, పని పోతుందని వణికిపోయింది. ఇంట్లో తిండికి ఆ పిల్ల జీతమే ఆధారమని నాకు తెలుసు. తప్పు నాదని చెప్పి, అందరి ముందు నాలుగు మాటలు పడ్డాను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ మాటలు పడుతున్నప్పుడు నాకు నొప్పి లేకపోలేదు, కానీ భయం వెయ్యలేదు. నలుగురిలో చిన్నబోతే మనిషి తరిగిపోదని నేను తొమ్మిదేళ్లప్పుడే చూశాను కదా.

మా అమ్మ ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లు బతికింది. నా పెళ్లి చేసింది, నా పురుళ్లు పోసింది, నా పిల్లలకు నడక నేర్పింది. ఆమెతో నేను గడిపిన ఆ ఏళ్లన్నీ, ఊరు నవ్వినా సరేననుకున్న ఒక ముసలామె నాకు ఇచ్చినవే.